మరక ఎటునుంచి వచ్చింది?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే చేతికి బోటు సీటు ఓ లెక్కా అనుకుంటారు చాలామంది. అదే రెగ్జిన్, అదే ఫోమ్, అవే స్టేపుల్ పిన్నులు. కానీ లారీ సీటుకు నెత్తిన కప్పుంటుంది. కృష్ణలో భవానీ ద్వీపం చుట్టూ తిరిగే స్పీడు బోటు సీటు పొద్దస్తమానం ఎండలోనే ఉంటుంది. ఎక్కేవాళ్లు తడి బట్టలతోనే కూర్చుంటారు. వానాకాలం టార్పాలిన్ బిగించి కప్పితే లోపలి ఉక్కకు బూజు పడుతుంది.

బోటువాళ్లు సీట్లు తెచ్చి పడేసి అనే మాట ఒకటే: "బాబాయ్, పండక్కి జనం వస్తారు, కాస్త రంగు కొట్టి పెట్టు." నేను రంగు డబ్బా జోలికి పోను. ముందు సీటు బోర్లా తిప్పి మోకాలితో గట్టిగా అదుముతాను. పిన్నుల వరస వెంబడి నీళ్లు చిమ్మాయంటే ఆ సీటుకు కావలసింది రంగు కాదు. మరక పైన పడిందా, లోపల పుట్టిందా అన్నది తేల్చుకోవడమే ఈ పనిలో అసలు పని.

పైన పడ్డ మరకలు మర్యాదగలవి. తల ఆనించే చోట కొబ్బరినూనె జిడ్డు ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి బ్రష్షు చాలు. కాకపోతే ఆలస్యం చేయకూడదు. రెగ్జిన్ పైపొర పీవీసీ, దాన్ని మెత్తగా ఉంచేది అందులో కలిపిన ప్లాస్టిసైజర్. ఏళ్ల తరబడి నిలిచిన నూనె దాన్ని బయటికి లాగేస్తుంది, ఆ చోటు బిరుసెక్కుతుంది. కొత్త జీన్స్ వదిలిన నీలం తాజాగా ఉంటే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో చాలావరకు వస్తుంది. పాతబడితే పొరలోకి దిగిపోతుంది.

పులిహోర పసుపు చేసే తమాషా వేరు. సబ్బు తగలగానే మరక ఎర్రబారుతుంది, కొత్తగా చేరిన కుర్రాడు సీటు పాడైపోయిందని హడలిపోతాడు. సబ్బులోని క్షారానికి పసుపు అలాగే మారుతుంది. కడిగేసి ఎండలో పెడితే ఆ రంగు క్రమంగా విరిగిపోతుంది. ఎండవల్ల సీటుకు మేలు జరిగేది ఆ ఒక్క విషయంలోనే.

తొందరపడి థిన్నరుతో తుడిచి తెచ్చేవాళ్లున్నారు. మరకతోపాటు పైపూత కూడా కరిగిపోతుంది, ఆ తర్వాత మురికి రెట్టింపు వేగంతో పడుతుంది. బ్లీచింగు నీళ్లు పోస్తే ఆ పూటకు తెల్లబడుతుంది గాని, పోనుపోను కుట్టు దారం బలం పోతుంది.

ఇక లోపల పుట్టే మరక. తెల్ల సీటు మీద గులాబీ రంగు మచ్చ కనిపిస్తుంది, ఎంత రుద్దినా చెక్కుచెదరదు. పిన్నులు పీకి కవరు లేపితే ముక్కు మూసుకోవాల్సిందే. కుట్టు రంధ్రాల్లోంచి దిగిన నీళ్లు ఫోములో నిలిచి, రెగ్జిన్ వెనకనున్న గుడ్డకు బూజు పట్టి ఉంటుంది. కింది ప్లైవుడ్డు గోటితో గీకితే పొరలుగా ఊడి వస్తుంది. ఆ తేమలో పెరిగిన సూక్ష్మజీవులు వదిలే రంగు ప్లాస్టిసైజర్‌లో కరిగి, దాంతోపాటే పైకి పాకుతుంది. మీద ఎన్ని కోట్లు వేసినా మళ్లీ పైకొచ్చేస్తుంది. ఫోము, గుడ్డ, ప్లైవుడ్డు మార్చాలి, కొత్త చెక్కకు నీళ్లు దిగే రంధ్రాలు పెట్టాలి, స్టెయిన్‌లెస్ పిన్నులు కొట్టాలి.

లోపల పొడిగా ఉండి, ఎండకు రంగు మాత్రమే వెలిసిన సీటయితే నాకు సంబరం. ముందు ఒక మడత పట్టి నొక్కి చూస్తాను. సన్నటి పగుళ్లు విచ్చుకుంటే వద్దంటాను. పోయిన రంగును తేగలం గాని, పోయిన మెత్తదనాన్ని తేలేం. పగుళ్లు లేకపోతే పని మొదలు. మెరుపు కోసం పూసిన సిలికాన్ పాలిష్ పూర్తిగా పోవాలి. అది ఏమాత్రం మిగిలినా రంగు అక్కడ పట్టదు, గుండ్రటి గుంటలు పడతాయి. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, ఐపీఏతో తుడిచాక ఆ చోట వేలు కూడా పెట్టనివ్వను.

మామూలు ఎనామిల్ పనికిరాదు, సీటు వంగగానే పెళుసుగా విరుగుతుంది. రెగ్జిన్‌తోపాటు వంగే వినైల్ కోటింగే కావాలి. అసలు రంగేదో తెలియాలంటే ఎండ తగలని అడుగు మడత చూడాలి. కానీ ఒక్క సీటుకే ఆ రంగు వేస్తే వెలిసిన పక్క సీట్ల మధ్య అది ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకే వేస్తే వరస మొత్తానికి వేస్తాను, లేదంటే పక్క సీటు వెలిసిన ఛాయకే కలుపుతాను. స్ప్రే గన్ను 8–10 అంగుళాల దూరంలో పట్టి, పలచగా, కోటు ఆరాకే మరో కోటు. మొదటి కోటు కింద పాత రంగు కనిపిస్తూనే ఉండాలి. ఒకేసారి కప్పేయాలని చూస్తే రెగ్జిన్ మీది గింజ పూడిపోయి సీటు ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది. వానరోజున గన్ను ముట్టుకోను. వేశాక రెండు రోజులు ఎవర్నీ కూర్చోనివ్వను.

"కవరు మారిస్తే నీకే కదా బాబాయ్ ఎక్కువ డబ్బులు, మరి రంగుతో సరిపెడతానంటావేం?" అని అడిగాడొక బోటాయన. పొడిగా ఉన్న సీటుకు కొత్త కవరెందుకు? తడిసిన సీటుకు రంగు వేసి డబ్బు తీసుకుంటే మాత్రం నెల తిరక్కుండా అదే ముఖంతో ఆయన్ను చూడాలి. పని అప్పగించేటప్పుడు అందరికీ చెప్పేది ఒకటే: సాయంత్రం ఆఖరి ట్రిప్పు అవగానే సీట్లు ఊడదీసి అంచుమీద నిలబెట్టండి, గాలాడనివ్వండి. దానికి పైసా ఖర్చు లేదు. పాటించేవాళ్ల సీట్లు నా షాపుకు రావడం తగ్గిపోతుంది. అదేం నష్టంగా అనిపించదు, వాళ్లే మరో నలుగురు బోటువాళ్లను పంపిస్తారు.