మోగ్లీ, ఫ్రీరెన్, మా నాన్న

"నాన్నా, ఇది నీకు నచ్చుతుంది చూడు" అంటూ మా అమ్మాయి ఫ్రీరెన్ పెట్టింది. 2023లో మొదలైన జపాన్ యానిమే సీరీస్. అందులో వెయ్యేళ్లు దాటిన మాంత్రికురాలు ఫ్రీరెన్‌కి, వీరుడు హిమ్మెల్‌తో తిరిగిన పదేళ్లు ఓ లెక్కే కాదు. అతణ్ణి పూడ్చిపెట్టేటప్పుడు మాత్రం, ఇతనెవరో తెలుసుకోనే లేదే అని ఏడ్చింది.

అది చూసి మా నాన్న గుర్తొచ్చారు. ఆయన ఇక్కడే, పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో రిటైరయ్యేదాకా పనిచేశారు. సాయంత్రం గోళ్ల సందుల్లో గ్రీజు కిరోసిన్ గుడ్డతో తుడుచుకునేవారు. లోపల ఏం చేసేవారో నేనెప్పుడూ అడగలేదు. 1993లో ఆదివారం దూరదర్శన్‌లో మోగ్లీ కార్టూన్ వస్తే పక్కనే కూర్చునేవారు. హిందీ మా ఇద్దరికీ అంతంతమాత్రమే. ఆ మోగ్లీ కూడా 1989లో జపాన్ వాళ్లు తీసిందేనట, అమ్మాయే చెప్పింది. ఆయన మోగ్లీని చూశారో, నన్ను చూశారో!

ఈ పిల్ల మాత్రం ఎపిసోడ్ అవగానే "ఎలా ఉంది? ఎందుకు నచ్చింది?" అని నిలదీస్తుంది. రేపటికి ఇంకోటి సిద్ధం చేసిందట. నిద్ర చెడగొట్టుకుంటున్నామని వాళ్లమ్మ గొణుగుడు.