తరవాణి కుండ

వేసవిలో పిల్లల చద్దియన్నమునకు తరవాణిని మించినది లేదు. గంజిని పులియనిచ్చి, తీసినంత మరల పోయుచుండుటయే దాని మర్మము. అయితే దానిని దేనిలో నుంచవలెను? సీసాకు బిరడా బిగించితిమా, పులియునపుడు పుట్టు వాయువు దారిలేక సీసానే పగులగొట్టవచ్చును. ఇత్తడిబిందె కన్నుల కింపేగాని పులుపు తగులగానే చిలుమెక్కును. ఆ చిలుము పసివారికి విషము. స్టీలుపాత్ర మేలని మా యింటివారి వాదము. అది పులుపునకు చెడదు, నిజమే; చల్లదన మెక్కడిది? మట్టికుండ గోడలనుండి నీరూరి యావిరియగుచుండుటచే లోపలిది చల్లబడును. కావున మేము కుండనే కొందుము. వ్రేలితో కొట్టినచో ఖంగున మ్రోగవలెను. బొంగురుగా పలికినచో బీటయున్నట్లే. మూతి, చేయిదూర్చి కడుగుటకు చాలవలెను. వాసెన కట్టుటకు పలుచని గుడ్డ చాలును. తీయుటకు పొడవుకాడ కొబ్బరిచిప్ప గరిటె యుంచుకొనుడు. ఎంగిలిలోటా ముంచిన నాటితో కుండ కంపెత్తును.