నిధి వేట

నిధి వేట ఆడటానికి డబ్బు అక్కర్లేదు, పిల్లలూ! ఒక ఊరు, నాలుగు చీటీలు, కాస్త ఆలోచన వుంటే చాలు. ఒక చీటీలోని చిక్కు విప్పితే తరవాతి చీటీ ఎక్కడుందో తెలుస్తుంది. ఆఖరి చీటీ నిధి దగ్గరికి చేరుస్తుంది.

కిందటి వేసవి సెలవుల్లో నంద్యాల జిల్లా బండి ఆత్మకూరులో బాలల సంఘం కోసం నేనీ ఆట ఏర్పాటు చేశాను. పన్నెండుమంది పిల్లలు రెండు జట్లయ్యారు. మూడు నియమాలు పెట్టాను: బావుల దగ్గరికీ, కాలవల దగ్గరికీ పోరాదు, రోడ్డు మీద పరుగెత్తరాదు, ఎక్కడా నేల తవ్వరాదు.

మొదటి చీటీలో, "నోరుంది, మాట్లాడదు. ఊరి కబుర్లన్నీ కడుపులో దాచుకుంటుంది," అని రాశాను. రెండు జట్లూ తపాలా పెట్టె దగ్గరికి చేరాయి. అక్కడ ఇంకో చీటీ వుంది: "మన పిన్ కోడులోని మొదటి అంకెను పదితో హెచ్చవేయండి. అన్ని అంగలు నల్లమల వైపు నడవండి."

పిన్ కోడు 1972 లో వచ్చింది. అందులో మొదటి అంకె ప్రాంతాన్ని తెలుపుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు అది 5. అంటే 50 అంగలు వేయాలి. నల్లమల కొండలు మాకు తూర్పున వున్నాయి గనక దిక్కు కూడా తెలిసింది.

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. ఒక జట్టులో పొడుగు కుర్రవాడు అంగలు వేశాడు. రెండో జట్టులో చిన్న పాప వేసింది. ఇద్దరూ వేరు వేరు చోట్ల ఆగారు. "మాదే సరి!" "కాదు, మాదే!" అని తగవు పెరిగి, ఆట ఆగిపోయేలా వుంది. టేపు పెట్టి కొలిపించాను. కుర్రవాడి పది అంగలు 7 మీటర్లు, పాపవి 5 మీటర్లు!

"సార్, చీటీ రాసింది మీరు గదా! మీ అంగ ఎంత?" అన్నది పాప.

నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అదే! పది అంగలు వేసి చూపాను. 6 మీటర్లు వచ్చాయి. యాభైకి 30 మీటర్లని పిల్లలే లెక్క కట్టారు. మూర, జాన కూడా ఇంతే, మనిషిని బట్టి మారుతాయి. అందుకే అందరికీ ఒకే కొలత కావలసివచ్చింది. మన దేశంలో మెట్రిక్ కొలతలు 1958 నుంచి అమలులోకి రాసాగాయి.

30 మీటర్ల దగ్గర వేపచెట్టు వుంది. ఒకడు గడ్డపార తేబోయాడు. వాణ్ణి ఆపి, మూడో నియమం ఎందుకో చెప్పాను. గుప్తనిధుల ఆశతో పాత గుళ్ళ రాళ్ళను పెళ్ళగించేవాళ్ళ సంగతి మనం వింటూనే వుంటాం. ఆ రాళ్ళు పోతే మళ్ళీ రావు. పైగా, భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది.

"మరి మన నిధి ఏదీ?"

"నోరుంది గదా, అడగండి!"

చెట్టు నీడన బొరుగులు అమ్ముకునే అవ్వను మర్యాదగా అడిగారు. అవ్వ నవ్వుతూ గంపలోంచి డబ్బా తీసి ఇచ్చింది. అందులో అందరికీ చాలినన్ని వేరుసెనగ వుండలు, ఒక నోటు పుస్తకం వున్నాయి.

2000 లో అమెరికాలో మొదలైన జియోకాషింగ్ అనే ఆటలో, ఉపగ్రహాల సాయంతో డబ్బాను వెతికినవారు అందులోని పుస్తకంలో పేరు రాసి, డబ్బాను అక్కడే వుంచిపోతారు. మా పిల్లలు పేరుతోపాటు ఆనాడు నేర్చుకున్నది కూడా రాశారు. చిన్న పాప రాసింది ఇది: "అంగ ఎవరిదో ముందే అడగాలి."