బావిలో పాత పంపు

మదురై వెళ్ళినవాళ్ళు మీనాక్షమ్మ గుడి, తిరుమల నాయకుడి మహలు చూసుకుని రైలెక్కేస్తారు. ఊరికి తూర్పున ఉన్న వండియూరు తెప్పకుళం దాకా వెళ్ళే తీరిక చాలామందికి ఉండదు. నాకు మాత్రం మహలు కంటే ఆ కోనేరే నచ్చింది. 1645లో తిరుమల నాయకుడు కట్టించినది. దగ్గరలో పారే వైగై నుంచి నేల కింద కాలువల్లో నీళ్ళు వాటంతట అవే నడిచి వచ్చేలా ఏర్పాటు చేశారు. తోడే పని లేదు, ఎత్తిపోసే పని లేదు.

రాజుగారి కోనేటికి ఆ సుఖం దక్కింది గాని, విజయనగర, నాయక రాజుల కాలంలో తెలుగుదేశం నుంచి తరలివచ్చి కోయంబత్తూరు వైపు నల్లరేగడిలో స్థిరపడిన మన రైతులకి దక్కలేదు. పడమటి కనుమల చాటున వాన తక్కువ. రాతిని పగలగొట్టి ఎనభై, వంద అడుగుల బావి తవ్వుకోవాలి, కపిల కట్టి ఎద్దులతో తోడుకోవాలి. మనం కపిల అనేదాన్ని అక్కడి తమిళులు కవలై అంటారు. ఆ కపిలల స్థానంలోకి వచ్చిన పంపుల సంగతి చెబుదామనే ఈ నాలుగు మాటలూ.

మదురై నుంచి దిండిగల్లు, పళని, పొళ్ళాచ్చి మీదుగా కోయంబత్తూరు చేరాను. ఆ దారిలో పొళ్ళాచ్చి, పళనిల మధ్య 1920లో ఒక నాయుడుగారు ఒక్క బస్సుతో సర్వీసు మొదలుపెట్టారు. ఆయనే జి.డి. నాయుడు. 1893లో కోయంబత్తూరు దగ్గర కళంగళ్‌లో పుట్టారు. కుర్రతనంలో ఒక ఇంగ్లీషు అధికారి నడిపే రడ్జ్ మోటారు సైకిలు మీద మనసు పడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్నే కొనుక్కుని, విప్పదీసి మళ్ళీ బిగించారట. బళ్ళో అబ్బని చదువు ఆయనకి అలా అబ్బింది. 1932లో నీలగిరి కొండల్లోంచి పైకారా జలవిద్యుత్తు దిగివచ్చింది. 1937లో ఆయనా, డి. బాలసుందరం నాయుడుగారూ కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటారు అదేనంటారు. అంతకుముందే 1926లో పీళమేడులో నాయుళ్ళ కుటుంబం ఒకటి పి.ఎస్.జి. ధర్మసంస్థను పెట్టి, కుర్రాళ్ళకి పని నేర్పే ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ నడిపింది. ఇక చూసుకోండి, గణపతి, ఆవారంపాళయం, పీళమేడు అంతటా ఫౌండ్రీలూ, లేతు మిషన్లూ. 2025లో అవినాశి రోడ్డు మీద తెరిచిన పది కిలోమీటర్ల ఫ్లైఓవరుకి జి.డి. నాయుడుగారి పేరే పెట్టారు.

సూలూరు దగ్గర నాకు బాబాయి వరసయ్యే ఆయనకి కొబ్బరితోట ఉంది. వాళ్ళింట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాయడం తమిళంలోనే. వాళ్ళ నాన్నగారు కొన్న పంపు బావిలో ఇంకా ఉంది. మోటారు వేరు, పంపు వేరు, మధ్యన కప్లింగు. విదేశంలో ఉన్న కొడుకు ఫోనులో "పాత ఇనుం వాడికి వేసెయ్యి నాన్నా, కొత్తది పంపిస్తా" అంటున్నాడు. ఈయనకి మనసొప్పలేదు. ఆవారంపాళయం నుంచి ఒక మెకానిక్కు పెద్దాయన్ని పిలిపించారు. డెబ్భై దాటినాయన, తెలుగువాడే. తీసుకున్న రోజుకూలి చెబితే మీరు నమ్మరు, అంత తక్కువ.

ఆ బావిలోకి తొంగిచూస్తే గోడలో అంతస్తులు అంతస్తులుగా గర్డర్లు దూర్చిన గుంతలు కనిపిస్తాయి. సంగతేమిటంటే, పంపు నీటిని పీలుస్తుందని మనం అనుకుంటాం గాని, నిజానికి బయటి గాలి బరువే నీటిని గొట్టంలోకి తోస్తుంది. ఆ బరువు ఎంత గొప్పదైనా 34 అడుగులకు మించి నీటిని నిలపలేదు. రాపిడీ, కారడమూ పోగా వాడుకలో 20, 25 అడుగులే. అందుకని నీరు దిగినప్పుడల్లా పంపు కూడా ఒక అంతస్తు దిగాలి. పైనున్న గుంతలు బాబాయి తాతగారి నాటివట, వాటికింద నాన్నగారివి, అట్టడుగువి తనవి. ఆ కుటుంబం చరిత్ర అంతా ఆ గోడలోనే ఉంది.

పెద్దాయన మొదట ఫుట్‌వాల్వు విప్పారు. మన పల్లెల్లో దాన్ని ఫుట్‌బాల్ అనేస్తారు గదా, అదే. గొట్టం అడుగున ఉండే ఒంటివైపు తలుపు. నీటిని పైకి రానిస్తుంది, కిందికి పోనివ్వదు. దాని తోలు బిళ్ళ ఎండి వంకరపోతే, ఎన్ని బిందెలు పోసినా గొట్టం నిండదు, పంపు నీళ్ళు పట్టదు. బావి నిండుగా ఉన్న రోజుల్లో అందులో చెత్త ఇరుక్కుంటే ఎవరో ఒకరు ఊపిరి బిగబట్టి మునిగి తీసేవారట. "నేనే మునిగినాను నాయనా, ఇప్పుడు మునగాలన్నా నీళ్ళు యాడుండాయి?" అన్నారాయన.

ఊపిరి అంటే గుర్తొచ్చింది. సముద్రంలో దిగేవాళ్ళ స్కూబా రెగ్యులేటరు కూడా ఈ జాతి వస్తువే. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గన్యాన్ అనే ఇద్దరు తయారుచేశారు. యుద్ధకాలపు పెట్రోలు కరువులో కార్లను గ్యాసుతో నడపడానికి గన్యాన్ చేసిన వాల్వే దానికి మూలం. ఆ కాలపు రెగ్యులేటర్లను ఇప్పటికీ బాగుచేసి వాడుకునే ప్రియులున్నారు. ఇత్తడి డొక్కు అలాగే ఉంచి, లోపల బిరుసెక్కిన రబ్బరు పొర తీసి సిలికాన్ పొర వేస్తారు. పెద్దాయన చేసిందీ అదే. పోత ఇనుప ఒళ్ళు ముట్టుకోలేదు. తోలు తీసి మందపాటి రబ్బరు వేశారు, అరిగిన బుష్‌లు కొత్తగా కడిసల పట్టించి తెచ్చారు.

ఒకచోట మాత్రం తగువు వచ్చింది. ఇరుసు పంపులోకి దూరేచోట గ్రాఫైటు పూసిన తాడు చుట్టి గ్లాండు బిగిస్తారు. దాని బదులు మెకానికల్ సీలు వేయిస్తే బొట్టు కారదని కొడుకు ఫోనులోనే పట్టుబట్టాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. ఇసుక కలిసిన నీళ్ళలో సీలు ముఖాలు గీతలుపడి పాడవుతాయి, అప్పుడు మార్చడానికి వందలు కాదు, వేలు. తాడుకి ఖర్చు తక్కువ. పైగా గ్లాండు బొట్టుబొట్టుగా కారాలి. ఆ నీరే దాన్ని చల్లగా ఉంచుతుంది. కారుతోందని బిగించేస్తే ఇరుసు కోసుకుపోతుంది. నాకు పెద్దాయన మాటే సబబు అనిపించింది. కొత్తదల్లా మేలు కాదు.

మోటారు చుట్టలో మాత్రం ఆయనే కొత్తదనం తెచ్చారు. పాతది నూలు చుట్టిన రాగితీగ. దాని బదులు ఎనామిల్ తీగ వేస్తే అదే గాడిలో ఎక్కువ రాగి పడుతుంది, వేడి తగ్గుతుంది. పాత తీగను ఊడదీయడానికి కొందరు మంట పెడతారు. అది గట్టిగా తగిలితే ఇనుప రేకుల మధ్య పూత కాలిపోయి మోటారు శాశ్వతంగా వేడెక్కుతుంది. ఈయన ఓపిగ్గా కోసి లాగారు.

ఆపైన గొట్టం మార్చమన్నారు. రెండున్నర అంగుళాల ఇనుపగొట్టం తీసి మూడంగుళాలది వేస్తే, అదే నీటికి రాపిడి నష్టం అయిదింట రెండు వంతులకి పడిపోతుంది. బాబాయి నవ్వి, "బిల్లే రాని కరెంటుకి గొట్టం ఎందుకు మార్చేది అన్నా?" అన్నారు. ఆ బిల్లు లేకపోవడం వెనకా మనవాళ్ళే ఉన్నారు. వైయంపాళయం నారాయణస్వామి నాయుడుగారు రైతుల కరెంటు ధర మీద 1970లో పోరాటం లేవదీశారు. 1972లో ఎద్దుబళ్ళతో కోయంబత్తూరు వీధులు నింపేశారు. 1984లో ఆయన పోయారు. 1990 నుంచి తమిళనాడులో రైతు మోటార్లకి కరెంటు ఉచితం. అప్పులపాలైన రైతుకి అది ప్రాణం పోసింది, కాదనను. కాని బిల్లు లేనివాడికి గొట్టం రాపిడి కనపడదు, బావిలో దిగిపోతున్న నీరూ కనపడదు. ఇప్పుడక్కడ వెయ్యి అడుగుల బోర్లు మామూలు మాట.

బాబాయి బావి కూడా ఎండిందే. మరి ఈ పంపుకి ఇంత సేవ ఎందుకని మీరడగొచ్చు, నేనూ అడిగాను. బోరులోకి కంప్రెసరుతో గాలి కొడితే నీళ్ళు విడతలు విడతలుగా ఎగదన్నుకొస్తాయి. ఆ ధారతో నేరుగా తోటకి పెట్టడం కుదరదు. అందుకని ఆ నీటిని పాత బావిలోకే వదులుతారు. రాత్రంతా చేరిన నీటిని పొద్దున ఈ పంపు తోడి కొబ్బరిచెట్లకి పెట్టాలి. బావి ఇప్పుడొక తొట్టి.

పెద్దాయన కొడుకులిద్దరూ కంప్యూటరు ఉద్యోగాల్లో ఉన్నారు. ఆయన వెంట వచ్చిన సహాయకుడు బీహారు కుర్రాడు. వాడికి తమిళం అంతంతమాత్రం, ఈయనకి హిందీ రాదు. మూడో రోజు సాయంత్రం గొట్టంలో బిందెడు నీళ్ళు పోసి స్విచ్చి వేశారు. గొట్టం ఒకసారి దగ్గి, ధార కట్టింది. గ్లాండు నట్లు ఎంతవరకు బిగించాలో ఆ కుర్రాడికి చూపించాలి. పెద్దాయన వాడి చేతికి స్పానరు ఇచ్చి, కారే బొట్లను తెలుగులోనే లెక్కపెట్టారు: "ఒకటి... రెండు... ఆగు, ఇంక తిప్పొద్దు."