గాంధారి కుండలూ, కలకత్తా డాక్టరూ

క్లాసులో ఆదిపర్వం చెబుతూ గాంధారి ఘట్టానికి వచ్చాను. వ్యాసుడు పిండాన్ని నూటొక్క ముక్కలు చేయించి నేతికుండల్లో పెట్టించాడనగానే ఒక విద్యార్థి లేచి, "అయితే సార్, ఈ విద్య మనవాళ్ళకు అప్పుడే తెలుసన్నమాట!" అన్నాడు. అది కవి కల్పన, శాస్త్రం కాదన్నాను. క్లాసు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

స్వవిషయం చెప్పక తప్పదు. మా దంపతుల పిండాలు మూడు ఒక ఆసుపత్రిలో ద్రవ నత్రజనిలో, సున్నాకు దిగువ 196 డిగ్రీల చలిలో ఉన్నాయి. ఆ చలిలో జీవకణం ఎదగదు, చావదు. వయసు మీరేది మాకే. ఏటేటా నిలవ రుసుము కట్టాలి. ఈ ఏడు ఆ సొమ్ము, కాంట్రాక్టు లెక్చరర్‌నైన నా నెల జీతంలో సగం. 2021 చట్టం పిండాన్ని పదేళ్ళు నిలవ ఉంచనిస్తుంది. ఆ పదేళ్ళూ అద్దె కట్టగల స్తోమత ఎందరికున్నదన్నది వేరే ప్రశ్న.

నవ్వు రాకపోవడానికి మరో కారణమున్నది. 1978 జూలై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్ పుట్టింది. పదివారాలకు, అక్టోబరు 3న, డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషి వల్ల కలకత్తాలో ఒక ఆడపిల్ల పుట్టింది. పిండాన్ని 53 రోజులు గడ్డకట్టించి ఉంచి, ఆపైన తల్లి గర్భంలో ప్రవేశపెట్టానన్నాడాయన. రాష్ట్ర ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. సంఘం నమ్మలేదు. జపాను సభకు వెళ్ళనివ్వలేదు. 1981లో కంటివైద్య సంస్థకు బదిలీ చేశారు. ఆ జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. 1986లో ఇదే ఘనత ఎవరి బృందానికి దక్కిందో ఆ టి.సి. ఆనంద్ కుమారే, 1997లో ముఖోపాధ్యాయ కాగితాలు చదివి, తొలి ఘనత ఆయనదేనన్నాడు.

ఆ ప్రభుత్వం ఎవరిది? 1977లో గెలిచిన వామపక్షాలది, అంటే మనది. గాంధారి కుండలను చూపి గొప్పలు పోయేవారిని వెక్కిరించడం తేలిక. మన ఏలుబడిలోనే ఒక శాస్త్రజ్ఞుణ్ణి ఫైళ్ళు నలిపివేశాయని ఒప్పుకోవడం కష్టం. అధికారం చేతికి రాగానే శాస్త్రీయ దృక్పథం దానంతటదే రాదు. అనుమానించడం శాస్త్రధర్మమే, కాని పరీక్షించి చూపే అవకాశాన్నే లాగివేయడం శాస్త్రం కాదు, దర్పం.

మరునాడు క్లాసులో ఈ కథంతా చెప్పాను. నిన్నటి విద్యార్థే, "ఇది మా పుస్తకాల్లో లేదేం సార్?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ, "చీటీ పాడేద్దామండీ, ఈ ఏటికి కట్టేద్దాం" అన్నది. పాడి, కట్టాము. వచ్చే ఏటి సంగతి ఇంకా తేలలేదు.