అబ్బా ఆవాజ్, దఫ్ దెబ్బ

మర్హూమ్ అబ్బా ఆమదాలవలస ఇంట్లో పాడిన నాత్ ఒక్క క్యాసెట్టే మిగిలింది. వెనక శ్రీకాకుళం రోడ్ స్టేషన్ రైలు కూత కూడా ఉంది. మొన్న భాయీజాన్ కొడుకు లాప్‌టాప్‌లో దానికి దఫ్ కలిపాడు. దఫ్ దెబ్బ పడ్డప్పుడల్లా మీటరు 0 డెసిబెల్స్‌కి తగులుతోంది. ఇక మొత్తం ఆవాజ్ పెంచే వీల్లేదు.

"క్లిప్ చేస్తా చాచా!"

యా అల్లా! క్లిప్పింగంటే జల్సాల్లో మైకు బరబరే కదా?

వాడు దఫ్ శిఖరాలే 3 డెసిబెల్స్ మేర కోశాడు. ఆ కోత మిల్లీసెకన్లే కనుక చెవికి తెలియలేదు. పైగా కొత్త హార్మోనిక్స్ పుట్టి దెబ్బకి గరుకు వచ్చింది, అబ్బా ఆవాజ్ పెంచడానికి జాగా దొరికింది. గొంతు జోలికి మాత్రం పోలేదు. సాగే సుర్‌ని అలా కోస్తే పగుళ్లే.

ఒకచోట క్యాసెట్లోనే గొంతు పగిలింది. మైకు మరీ దగ్గర పెట్టుకున్నారేమో.

"సాఫ్ చెయ్యనా?"

"ఉండనీ బేటా."