ఏటిగట్టు నుండి ఉప్పాడ ఒడ్డు దాకా

రాజమండ్రి పుష్కరఘాటు మెట్ల మీద నిలబడి కొవ్వూరు వైపు చూచినవారికి గోదావరి వెడల్పు సరిగా అంచనాకు రాదు. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు అవతలి గట్టు ఒక సన్నని నల్లగీతలాగ కనబడుతుంది. 1900లో రైళ్ళు నడవనారంభించి 1997లో విశ్రాంతి పొందిన హేవలాక్ వంతెన ఒక ప్రక్క, దానికి బదులుగా కట్టిన ఆర్చి వంతెన మరొక ప్రక్క. ఆర్చి వంతెన పొడుగు 2.7 కిలోమీటర్ల పైచిలుకు. ఈ లెక్క మాకు ముందు తెలియదు. మొన్న సంక్రాంతి సెలవులలో మా సంఘపు యౌవనస్థులను, వారిలో కొందరి తలిదండ్రులను వెంటబెట్టుకొని ఒక అద్దె వ్యానులో కాకినాడ, ఉప్పాడ తీరము చూడబోయినప్పుడు, హైదరాబాదులో ఉద్యోగము చేస్తూ పండుగకు వచ్చిన ఒక అబ్బాయి ఆ మెట్ల మీదనే చెప్పాడు.

అతడు చెప్పదలచింది వంతెన గూర్చి కాదు. ట్రయథ్లాన్ అనే పోటీ గూర్చి. ముందు ఈత, వెంటనే సైకిలు, వెంటనే పరుగు. మధ్యలో విశ్రాంతి లేదు. అందులో మిక్కిలి పెద్దదానికి ఐరన్‌మ్యాన్ అని పేరు. ఈత 3.8 కిలోమీటర్లు, సైకిలు 180, పరుగు 42.2. సాధారణముగా అంతా 17 గంటలలో ముగించాలి.

"మన లెక్కలో చెప్పరా బాబూ" అన్నారు మా పెద్దలలో ఒకరు. అబ్బాయి మన లెక్కలోనే చెప్పాడు. గోదావరిని ఈ గట్టు నుండి ఆ గట్టుకు ఈది, మళ్ళీ వెనుకకు ఒక కిలోమీటరు రావాలి. తడిబట్టలతోనే సైకిలెక్కి కాకినాడ వెళ్ళి, తిరిగి రాజమండ్రి వచ్చి, మళ్ళీ కాకినాడ వెళ్ళాలి. అక్కడ సైకిలు పడేసి సామర్లకోటకు, కాకినాడకు మధ్య ముమ్మారు పరుగెత్తాలి. "ఎవరు తరుముతున్నారని?" అన్నది మా అమ్మగారు. అందరమూ నవ్వాము గాని ఆ ప్రశ్నకు జవాబు ఎవరికీ దొరకలేదు.

ఈ పోటీ 1978 ఫిబ్రవరిలో హవాయి దీవులలో పుట్టింది. జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి, ఈతగాడు గట్టివాడా, సైకిలువాడు గట్టివాడా, పరుగువాడు గట్టివాడా అనే వాదము తెగక మూడూ కలిపి పెట్టించాడు. ఆ దినమున 15 మంది బయలుదేరగా 12 మంది ముగించారు. రెండవ స్థానములో వచ్చిన జాన్ డన్‌బార్‌కు దారిలో వెంట తెచ్చిన నీళ్ళు అయిపోయినవి. సహాయకులు నీళ్ళకు బదులు బీరు పోశారు. పాపము, అతడు తూలిపోతూ రోడ్డు ప్రక్క ఆగియున్న కార్లను గుద్దుకున్నాడు. ఈ సంగతి చెప్పినప్పుడు మా యౌవనస్థులు మా ముఖము చూచారు. మేము వేరే వ్యాఖ్యానము చేయనక్కరలేకపోయింది.

వ్యాను ధవళేశ్వరము మీదుగా పోనిచ్చాము. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట స్థానములో ఇప్పుడు 175 గేట్ల బ్యారేజీ ఉన్నది. ఇక్కడ నుండి పోయే కాలువలే మన డెల్టా. మా తరము వారందరూ ఈత నేర్చినది ఆ కాలువలలోనే. ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కట్టుకొనో, అరటి బోదె పట్టుకొనో, లాకుల దగ్గర పెద్దవాళ్ళు చూస్తుండగా నేర్చారు. ఇప్పటి పిల్లలకు ఆ తీరిక లేదు. బడి బస్సు, ట్యూషను, సెల్‌ఫోను. నీళ్ళ మధ్య పుట్టి నీళ్ళు తెలియని తరము పెరుగుతున్నది. వేసవిలో ఏ చుట్టాల ఇంటికో పెండ్లికి వచ్చి, భోజనమైన తరువాత సరదాగా ఏటిలో దిగుతారు. నిరుడు మోకాలి లోతున్న చోట ఈ యేడు ఇసుక తవ్విన గొయ్యి ఉంటుంది; పైకి మాత్రము నీరు ఒకేలాగ మెరుస్తుంది. 2025 మే నెలలో కోనసీమలో ముమ్మిడివరము ప్రాంతమున గోదావరిలో స్నానమునకు దిగిన ఎనిమిది మంది యువకులు ఒకేసారి పోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన దినము ఈ ప్రాంతములో ఎవరును మరువలేదు.

మా వ్యానులో ఒక తండ్రి ఉన్నాడు. లంక గ్రామము. కూరగాయల సాగు. ఆయన తమ్ముడు ఇరవై యేండ్ల క్రితము పంటు రేవు దగ్గర ఏటిలో పోయాడు. అందుచేత ఆయన ఇంటిలో పిల్లలెవరూ నీటిలో కాలు పెట్టకూడదు. ఆయన కుమార్తెకు పదునాలుగేండ్లు. బడిలో పరుగు పందెములలో ముందుండే పిల్ల. ఈత నేర్పించమని ఆమె ఆరు నెలలుగా అడుగుతున్నది, ఆయన ఒప్పుకోడు. మమ్మును కూడ తన పక్షముగా మాట్లాడమని ఇద్దరూ వేరువేరుగా అడిగియున్నారు. పాదిరి ఉద్యోగములో ఇటువంటి తగవులే ఎక్కువ.

సామర్లకోటలో టీ కోసము ఆగాము. మా వంటివారికి ఈ ఊరంటే కెనడా బాప్టిస్టు మిషనరీలు 1882లో స్థాపించిన వేదపాఠశాల జ్ఞాపకము వస్తుంది. ఇప్పుడు మరొక కారణమున కూడ ఈ ఊరి పేరు వినబడుతున్నది. గోలి శ్యామల ఈ ఊరి ఆడపడుచు. యానిమేషన్ రంగములో పనిచేసిన ఆమె ఈత నేర్చినది నలభై దాటిన తరువాత. 2021 మార్చి 19న శ్రీలంకలోని తలైమన్నారు నుండి మన ధనుష్కోటి వరకు పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషములలో ఈదారు. చీకటి ఉండగా నీటిలో దిగి, ప్రొద్దుగూకే వేళకు ఒడ్డెక్కారు. తరువాత 2024 డిసెంబరు 28న విశాఖపట్నములో బయలుదేరి, దినమునకు కొంత చొప్పున సముద్రమున 150 కిలోమీటర్లు ఈది, 2025 జనవరి 3న కాకినాడ సూర్యారావుపేట తీరమునకు చేరారు. అప్పటికి ఆమె వయస్సు 52 సంవత్సరములు.

టీ కొట్టు బల్ల మీద ఈ సంగతి వినగానే ఆ పిల్ల తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, యాభై రెండంట." ఆయన టీ గ్లాసు వైపే చూచాడు.

అక్కడ నుండి కాకినాడ దాకా వ్యానులో మాట అంతా ఇదే. హైదరాబాదు అబ్బాయి రెండుసార్లు సగము దూరపు పోటీలో పాల్గొన్నవాడు. మన దేశములో 2019 నుండి గోవాలో అటువంటి పోటీ జరిగింది. మొదటిసారి అతడు సైకిలు మీద ఉండగా కాళ్ళ కండరములు పట్టుకొని పోయి, పరుగు సగములోనే ఆగిపోయాడు. "ఎంత సిగ్గేసిందో అయ్యగారూ" అన్నాడు. ప్రక్క సీటులోని రైతు ఒకాయన "ఆయ్, ఎండలో ఊడ్పులకి పోయినోళ్ళకి రోజూ ఉండేదేగా అది. ఉప్పేసిన గంజి తాగలేదా?" అన్నాడు. అబ్బాయి నవ్వి, తాగలేదన్నాడు.

ఆ రైతు చెప్పినది హాస్యము కాదు. చెమటలో నీరే కాదు, ఉప్పు కూడ పోతుంది. నీరు తాగకపోతే మనిషి కూలిపోతాడు; అలాగని గంటల తరబడి చెమటోడ్చుతూ వట్టి నీళ్ళే కడుపు నిండా తాగుతూ పోయినా రక్తములో ఉప్పు పలుచనై తల తిరిగి, మతి చెదరి, ప్రాణము మీదికి రావచ్చు. 1982లో హవాయి పోటీలో జూలీ మాస్ అనే విద్యార్థిని అందరికంటె ముందుండి, గీత కనబడుతున్న దూరములో కాళ్ళు చచ్చుబడి పడిపోయింది. లేచింది, పడింది. ఇంకొక స్త్రీ ఆమెను దాటిపోయి గెలిచింది. జూలీ చేతుల మీద ప్రాకుతూ 29 సెకనుల తరువాత గీత దాటింది. ఆ చిత్రము టెలివిజనులో చూచిన జనము గెలిచినామె పేరు మరచి ప్రాకినామె పేరు జ్ఞాపకముంచుకొన్నారు. గెలిచినామె పేరు క్యాథ్లీన్ మెకార్ట్నీ. ఆమెకు కొంచెము అన్యాయమే జరిగిందని మా అభిప్రాయము.

మా పిల్లలకు మరింత నచ్చినది క్రిస్ నికిక్ సంగతి. డౌన్ సిండ్రోముతో పుట్టిన యువకుడు. 2020 నవంబరులో అమెరికాలోని ఫ్లోరిడాలో ఐరన్‌మ్యాన్ ముగించాడు; ఆ స్థితి గలవారిలో మొదటివాడు. ఈతలోను, పరుగులోను తోడుండే మనిషికి తాడుతో కట్టుకొని సాగాడు. సైకిలు మీద నుండి పడ్డాడు. ఆగిన చోట చీమలు కుట్టినవి. 16 గంటల 46 నిమిషములకు చేరాడు. అంటే గడువుకు ఇంకా 14 నిమిషములు మిగిలియున్నవి. అటువంటి పిల్లలు గల ఇండ్లు మన సంఘములలో కూడ ఉన్నవి. వారిలో ఒక తల్లి ఆ వ్యానులో ఉన్నది. ఆమె ఈ సంగతి మరల ఒకసారి చెప్పించుకొన్నది.

అయితే ఆ అబ్బాయి దాచకుండా మరొక మాట కూడ చెప్పాడు. అమెరికాలో 1985 నుండి 2016 వరకు ఇటువంటి పోటీలలో 135 మంది హఠాత్తుగా మరణించడమో, గుండె ఆగి పడిపోవడమో జరిగినట్లు వైద్యులు లెక్కతీశారు. వారిలో 90 మందికి అది ఈతలోనే జరిగింది. సైకిలు మీద నీరసిస్తే దిగి గట్టున కూర్చోవచ్చు. పరుగులో నీరసిస్తే నడవవచ్చు. నీటిలో కూర్చునే చోటు లేదు. దూరపు సముద్రపు ఈతలో నియమము ఇంకా కఠినము: వెంట పడవ వస్తుంది గాని ఈదేవారు దానిని ముట్టుకోరాదు, ముట్టుకొన్నచో పోటీ అక్కడితో సరి. ఆహారము కర్ర చివర పెట్టో, తాడు కట్టి విసరియో ఇస్తారు. 1971లో పాక్ జలసంధిని పోను రాను ఈదిన శ్రీలంక వీరుడు కుమార్ ఆనందన్ 1984లో ఇంగ్లీషు ఛానలు ఈదబోయి అందులోనే మరణించాడు. ఈత రానివాడు కాడు గదా! నీటి మీద ఎవరికీ అధికారపత్రము లేదు.

"చూశావా అమ్మా?" అన్నాడు తండ్రి. అంత దూరము వచ్చిన తరువాత ఆయన పలికిన మొదటి మాట అది.

సూర్యారావుపేట తీరమున సముద్రము సాధువుగా ఉంటుంది. ఎదురుగా హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ పొడుగ్గా అడ్డుపడి కాకినాడ ఓడరేవును అలల నుండి కాపాడుతున్నది. గోదావరి మోసుకొచ్చిన మట్టి, ఇసుకతో పెరిగిన దిబ్బ అది. ఆ అడ్డు దాటి ఉత్తరమునకు ఉప్పాడ చేరేసరికి సముద్రము వేరే మనిషి అయిపోతుంది. అల లేచి రోడ్డు మీద పడుతుంది. ఇండ్లు, గుడులు, కొబ్బరిచెట్లు ఏటేట కోసుకొనిపోయి, ఊరు వెనుకకు జరుగుతున్నది. ఒకప్పుడు తమ ఇల్లు ఉండిన చోటును నీటిలోకి వ్రేలు చూపి చెప్పేవారు అక్కడ చాలమంది. జాందానీ చీరలు నేసే మగ్గములు చూడవలెనని స్త్రీలు వెళ్ళారు. మిగిలినవారము పడవల దగ్గర కూర్చున్నాము.

వల బాగుచేసుకొంటున్న ఒక వృద్ధుడు మాతో మాట కలిపాడు. డెబ్బది పైబడిన మనిషి. ఈత గూర్చి అడిగితే నవ్వాడు. "ఈత వచ్చినోడే పోతాడండి ఎక్కువ" అన్నాడు. ఆ తండ్రి ముఖము వికసించింది. కాని ముసలాయన మాట అయిపోలేదు. "ఎందుకంటారా? ఒడ్డు కనబడతా ఉంటది. నీరు లోపలికి లాగతా ఉంటది. ఈడు ఒడ్డుకేసే ఈదతాడు. రెక్కలు పడిపోతాయి. నీటితో పోట్లాట పెట్టుకోకూడదండి. పక్కకి పోవాలి. ఒడ్డెంట పక్కకి పోతే లాగుడు సన్నమైపోద్ది. అప్పుడు అలే తెచ్చి పడేత్తాది. ఇది నేర్పాలండి. రానోడికి ఇదీ తెలవదు, అదీ తెలవదు."

లాగే నీటిలో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదక, ఒడ్డు వెంబడి ప్రక్కకు పోవలెనని ప్రాణరక్షకులకు నేర్పే పాఠమే అది. ముసలాయన ఏ తరగతి చదివాడో మేము అడగలేదు.

ఇంకొక మాట ఆయనే చెప్పాడు. మునిగేవాడిని చూచి చేతులతో దూకవద్దు. వాడు పట్టుకొంటే ఇద్దరూ పోతారు. తాడు, చీర, వెదురు గెడ ఏదున్నా అందించాలి. ఏదీ లేకపోతే మూత బిగించిన ఖాళీ నీళ్ళ డబ్బా విసరాలి. మన ఊళ్ళలో ఒకడి వెంట ఒకడు పోయిన ఇండ్లను తలచుకొని మేమందరము కొంతసేపు మాటలాడలేదు. పైకి తీసినవారిని తలక్రిందులుగా వ్రేలాడదీయడము, గిరగిర త్రిప్పడము, కడుపు నొక్కడము మన గ్రామములలో ఇంకను జరుగుతున్నది. వైద్యులు ఇవి వద్దంటారు. ఊపిరి ఆడకపోతే నోటి ద్వారా ఊపిరి ఊదుచు, రొమ్ము నడుమ గట్టిగా నొక్కుచు, 108కి ఫోను చేయాలి. ఏ ఊరిలోనైనా నలుగురికి ఇది చేతవును గావలెను.

అపొస్తలుడైన పౌలు ఎక్కిన ఓడ బద్దలైనప్పుడు ఈత వచ్చినవారిని ముందు దూకమని, మిగిలినవారిని పలకల మీద రమ్మని శతాధిపతి ఆజ్ఞాపించిన సంగతి మన పాఠకులకు తెలిసినదే. హైదరాబాదు అబ్బాయి దానిని గుర్తుచేసి, "అందరూ ఒడ్డెక్కారు గాని, పలకలు దొరకాలి గదండీ" అన్నాడు. మేము పులిపీఠము మీద ఎన్నిసార్లో చదివిన ఆ అధ్యాయములో ఈ కోణము ఎవరును చూపలేదు.

తిరుగు ప్రయాణమునకు వ్యానెక్కేటప్పుడు ఆ పిల్ల ఏమీ అడగలేదు. కిటికీ ప్రక్కన కూర్చొని, తల్లి కొన్న రిబ్బను చుట్టుకొంటూ ఉన్నది. తండ్రి అందరికంటె వెనుక వచ్చాడు. ముసలాయనతో ఏమో మాటలాడుతూ ఆగిపోయాడు. వ్యాను కదిలి కాకినాడ దీపములు కనబడే దాకా ఊరకున్నాడు. అప్పుడు ముందుకు వంగి, హైదరాబాదు అబ్బాయి భుజము తట్టి అడిగాడు:

"ఏమండీ, టౌన్లో ఈత కొలనులో ఆడపిల్లలకి నేర్పేవాళ్ళు ఆడవాళ్ళే ఉంటారా? ఏ వేళకంటారు?"